లక్క వేసిన మూత

నేను ఒక లారీ డీజిల్ ట్యాంకుకు బిగించే తాళం మూతను. అరచేతంత ఇనుప బిళ్ల, మధ్యలో తాళంచెవి దూరే సందు, దాని పక్కనే గుండుసూది పట్టేంత కన్నం. ఆ కన్నమే నా ముక్కు. డీజిల్ తగ్గుతున్న కొద్దీ ఆ ముక్కుతో గాలి పీల్చి ట్యాంకులోకి పంపాలి. పంపకపోతే ఇంజను ఎంత లాగినా చుక్క రాదు. ఈ కాస్త సంగతి తెలియని మనిషి చేతిలో పడ్డాను. అదీ నా ఖర్మ.

ఎక్కడో రేకుల షెడ్డులో నన్ను పోత పోసి, కన్నం పొడిచి, డజన్ల లెక్కన అట్టపెట్టెలో సర్దారు. ఆటోనగర్‌లో ఒక కొట్టు మేకుకి ఆరు నెలలు వేలాడాను. ఒకరోజు పిడుగురాళ్ల నుంచి కోటిలింగం వచ్చి, "దొంగనాయాళ్లు తీయలేని మూత ఉంటే ఇవ్వు" అన్నాడు. కొట్టువాడు నా మీది దుమ్ము ఊది ఇచ్చాడు.

కోటిలింగానికి ఉన్నది ఒక్కటే లారీ. సున్నం బస్తాలు మోసి మోసి అసలు రంగేమిటో మరిచిపోయిన బండి. పంతొమ్మిదేళ్లుగా దాన్ని నడుపుతున్నది మౌలాలి. ఈమధ్య బండి డీజిల్ ఎక్కువ తాగుతోంది. ముసలి ఇంజను, తాగక ఏం చేస్తుంది? కోటిలింగం మాత్రం మౌలాలి తోడుకుని అమ్ముకుంటున్నాడని తీర్మానించేశాడు. అడగలేదు, విచారించలేదు, నన్ను కొనుక్కొచ్చాడు. నన్ను బిగించడమే ఆ మనిషి మీద నింద వేయడం.

తాళంతో కూడా అతని కడుపుమంట చల్లారలేదు. వాళ్ల నాన్న రిజిస్ట్రారు ఆఫీసులో బంట్రోతుగా చేసిన రోజుల లక్క కడ్డీ ఒకటి ఇంట్లో పడి ఉంది. దగ్గరుండి ట్యాంకు నిండా డీజిల్ కొట్టించి, నాకు తాళం వేసి, ఆ లక్క కరిగించి నా ముఖాన పోశాడు. వేలి ఉంగరం మీది 'కో' అక్షరాన్ని దాని మీద అదిమాడు. తాళంచెవి జేబులో వేసుకుని, లారీ స్టాండులో నలుగురూ వింటుండగా, "ఇప్పుడు తోడు చూద్దాం. ముద్ర చెదిరిందా, నీ ఉద్యోగం ఊడినట్టే" అన్నాడు. మౌలాలి బండెక్కాడు. లక్క కింద నా ముక్కు మూసుకుపోయింది.

ఒంగోలు వెళ్లాల్సిన లోడు. నరసరావుపేట దాటగానే లారీ రెండుసార్లు గింజుకుని ఆగిపోయింది. మౌలాలి డీజిల్ దారిలో గాలి బుడగ అడ్డుపడి ఎయిర్ పట్టిందనుకుని పైపు వదులు చేశాడు. బుస్సుమని గాలి లోపలికి పోయింది, బండి స్టార్టయింది. కొంతదూరం పోయి మళ్లీ ఆగింది. చిలకలూరిపేట నుంచి మెకానిక్ యోనాని పిలిపించాడు. యోనా ఫిల్టరు మార్చాడు, స్టార్టయింది, మళ్లీ ఆగింది. పంపు విప్పి కడిగాడు, స్టార్టయింది, మళ్లీ ఆగింది. పైపు విప్పిన ప్రతిసారీ ట్యాంకు ఆ దారిన దొంగచాటుగా ఊపిరి పీల్చుకుంటోంది. అతగాడు తన పనితనం అనుకుంటున్నాడు. నేను అరవగలిగితే అప్పుడే అరిచేదాన్ని.

నాలుగోసారి ఆగాక యోనా చేతులు తుడుచుకుని, "ఇంజనులో ఏం లేదు భాయ్. మూత తీయించు, ట్యాంకు చూడాలి" అన్నాడు. మౌలాలి ఫోను చేశాడు. అవతల కోటిలింగం వేసిన కేక నాక్కూడా వినబడింది.

"మూత తీయించటానికేనా ఈ నాటకమంతా? దాన్ని ముట్టుకోమాక! నేనొస్తన్నా!"

బస్సు దిగి వస్తూనే అతను ముందు నా ముద్ర చూసుకున్నాడు. చెక్కు చెదరలేదు. అయినా కోపం తగ్గలేదు. "కింద నుంచి లాగి ఉంటావు. ఇప్పుడు బయటపడుద్ది నీ బాగోతం" అని లక్క పగలగొట్టి, తాళం తిప్పి నన్ను లాగాడు. రాలేదు. రెండు చేతులా పట్టి గుంజాడు. అప్పుడు ట్యాంకు బుస్సుమని ఒక పొడుగాటి ఊపిరి తీసింది. రోడ్డవతల టీ కొట్టు దగ్గర నిలబడ్డవాళ్లు కూడా తలతిప్పి చూశారు.

యోనా నన్ను లాక్కుని కన్నంలోని లక్కని గోటితో గీకాడు. "గాలి కన్నం మూసింది మీరు కోటిలింగం గారూ! పొద్దుట్నుంచీ నా ప్రాణం తీశారు గదయ్యా!"

కోటిలింగం ముఖం నల్లబడింది. పుల్ల ముంచి చూశాడు. ట్యాంకు దాదాపు నిండుగానే ఉంది. గొంతు సవరించుకుని, "సర్లే, అయిందేదో అయింది. ఎక్కు, లోడు ఆలస్యమవుతంది" అన్నాడు. అంతే. ఒక్క మంచి మాట కూడా అతని నోటికి రాలేదు.

మౌలాలి బండి తాళాలు తెచ్చి నా పక్కన ట్యాంకు మీద పెట్టాడు. "పంతొమ్మిదేళ్లు మీ బండి తోలా. దొంగన్న మాట స్టాండులో అందరి ముందూ అన్నారు. తప్పన్న మాట ఇక్కడ ముగ్గురి ముందు కూడా అనలేకపోయారు. మీరే తోలుకోండి." చెప్పులు దులుపుకుని, కోటిలింగం వచ్చిన దారినే బస్సు కోసం నడిచాడు. కోటిలింగానికి స్టీరింగు పట్టడం రాదు. సాయంత్రం దాకా నా పక్కన కూర్చుని మౌలాలినే తిట్టాడు.

కొత్త డ్రైవరు వచ్చాడు. కోటిలింగం మళ్లీ లక్క కరిగించాడు. ఈసారి కన్నంలో గుండుసూది గుచ్చి, చుట్టూ పోసి, సూది లాగేశాడు. అతను నేర్చుకున్నది అంతే. కొత్తవాడు వారం తిరక్కుండా ట్యాంకు అడుగున ఉన్న బోల్టు విప్పి డబ్బాలకి డబ్బాలు పట్టుకుపోవడం మొదలెట్టాడు. నాకు తెలుసు. నోరున్నా చెప్పేదాన్ని కాదు. కోటిలింగం రోజూ వచ్చి నా ముద్ర తడిమి, "మౌలాలి పోయాక దొంగతనం ఆగింది" అని సంబరపడేవాడు. చివరికి ఇంజనే డీజిల్ తాగేస్తోందని లారీని తుక్కు కింద అమ్మేశాడు.

ఇప్పుడు చిలకలూరిపేటలో పాత సామాన్ల గుట్టలో ఉన్నాను. మొన్న మౌలాలి వచ్చాడు. ఎవరిదో బండి తోలుతున్నాడట, మూత ఎక్కడో పడిపోయిందట. గుట్ట కెలికి నన్నే తీశాడు. నా ప్రాణం లేచి వచ్చింది.

"గట్టిది భాయ్, తాళం కూడా ఉంది" అన్నాడు కొట్టువాడు.

మౌలాలి బొటనవేలు లక్క మీద ఆగింది. 'కో' అక్షరం ఇంకా చెరగలేదు.

"తాళం లేనిది చూడు" అని నన్ను బోర్లా పడేసి, ఇంకో మూత తీసుకుని వెళ్లిపోయాడు.