మిరప గోతం మీద మోకాళ్ళు

నేను ఒక గోతాన్ని. నవ్వకండి. నాకున్నన్ని పేర్లు మీలో ఎంతమందికి ఉన్నాయో ముందు చెప్పండి. ఖాళీగా ఉంటే గోతం అంటారు. గుంటూరు వైపు మిరపకాయలు కుక్కి మూతి కుడితే టిక్కీ అంటారు. చర్చిలో అడుగుపెడితే గోనెపట్ట అంటారు. ఒంటి మీద నార అదే, పేరు మారేసరికి జనం చూసే చూపు మారిపోయింది.

పుట్టింది జనపనార మిల్లులో. పుట్టగానే నన్ను ఒక రైతు కల్లంలో నిలబెట్టి, ఎర్రటి ఎండుకాయలు పోసి, ఒకాయన నాలోకి దిగి కాళ్ళతో తొక్కాడు. ఆ తర్వాత కోల్డ్ స్టోరేజీలో ఆరు నెలలు చలికి వణికాను. బయటికొచ్చేసరికి ఘాటు నా నరనరానికీ పట్టేసింది. కాయలు దించేటప్పుడు మూల చిరిగిందని గుమాస్తా నన్ను అవతలికి విసిరేశాడు. అక్కడ కాయలకు తొడిమలు తీసే కూలికొచ్చిన దీవెనమ్మ కంట్లో పడ్డాను.

ఆమె నన్ను ఏరుకోవడానికి కారణం కృపానందం పాస్టరుగారు. "పూర్వం భక్తులు గోనెపట్ట కట్టుకుని దేవుణ్ణి బతిమాలుకున్నారు. మనమో ఫ్యాను కింద కూర్చుని కునికిపాట్లు పడుతున్నాం" అని ఆ ఆదివారం ఆయన గట్టిగా మందలించారు. కునికిపాట్లు పడుతున్న దీవెనమ్మ సరిగ్గా 'గోనెపట్ట' దగ్గర మేలుకుంది. మిగతాదేమీ చెవిన పడలేదు.

ఇంటికి రాగానే చీర మీద నన్ను చుట్టుకుంది. భర్త ఇశ్రాయేలు నోరు వెళ్ళబెట్టాడు. "ఒసే, ఆ గోతమేందే నడుముకి? బియ్యం బస్తా అనుకుని ఎవడన్నా భుజానేసుకుపోతాడు!" అన్నాడు. పావుగంటలో ఒళ్ళంతా దురద మొదలైంది. ఇక లాభం లేదని నన్ను నేల మీద పరిచి, మోకాళ్ళేసి, నుదురు నాకు ఆనించింది.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. మొదట రెండు తుమ్ములు. ఆ వెంటనే ముక్కూ కళ్ళూ ఏకధార. బయట మంచం మీదున్న ఇశ్రాయేలు లేచి కూర్చున్నాడు. పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో పెళ్ళాం ప్రార్థనలో ఏడవడం అతను ఎరగడు. వెళ్ళి పాస్టరుగారికి చెప్పాడు. శుక్రవారం ఉపవాస కూటం నాటికి దీవెనమ్మకు కన్నీటి వరం దొరికిందని పేటంతా చెప్పుకున్నారు. నన్ను కూటానికి మోసుకెళ్ళారు. నా మీద తల వంచిన ప్రతి మనిషీ ఏడ్చాడు. పాస్టరుగారైతే పదకొండు సార్లు తుమ్మి, ఇది ఆత్మ చేస్తున్న పనే అన్నారు. నేను కాదనలేదు. పేరొచ్చే చోట నిజం చెప్పడానికి నేనేమైనా భక్తుణ్ణా?

కానీ దగ్గరుండి విన్నదాన్ని కాబట్టి చెబుతున్నాను, ఆ ప్రార్థనల్లో దీవెనమ్మ ఎక్కడా లేదు. కూరలో ఉప్పెక్కువైతే "నా ఖర్మ కాలా" అనుకునే మనిషి, కళ్ళు మూయగానే "ఓ మహోన్నతుడవైన తండ్రీ, సకల దేశముల రాజులను జ్ఞాపకము చేసికొనుము" అని ఎత్తుకునేది. రాజుల్నీ అధికారుల్నీ సముద్ర ద్వీపాల్నీ దీవించేది. తన మోకాలి నొప్పి సంగతి ఒక్కసారీ చెప్పుకోలేదు. దేవుడికి మామూలు తెలుగు రాదనుకుందో ఏమో!

నా గుట్టు బయటపెట్టింది రాహేలు. దీవెనమ్మ మరిది భార్య, అంటే తోటికోడలు. ఇద్దరి ఇళ్ళకూ మధ్య ఒకటే గోడ. తనూ తొడిమలు తీసే పనికే వెళ్తుంది. ఒక శుక్రవారం నా మీద ఇలా తల ఆనించి, అలా ఎత్తి పకపకా నవ్వింది.

"అక్కా, ఇది వరం కాదక్కా, ఘాటు! టిక్కీ మీద బోర్లాపడితే దెయ్యానికైనా కళ్ళనీళ్ళొస్తయ్!"

మందిరమంతా గొల్లున నవ్వింది. దీవెనమ్మ ముఖం కందగడ్డయింది. తన కన్నీళ్ళు నిజమైనవేనని చూపిస్తానని ఇంటికొచ్చి, సబ్బు పెట్టి మూడుసార్లు నన్ను ఉతికి ఎండేసింది. పై శుక్రవారం అందరూ గుడ్లప్పగించి చూస్తుంటే నా మీద తల వంచింది. ఎంతసేపు వంచినా చుక్క రాలలేదు. ఆ రోజు నుంచి రాహేలుతో మాటల్లేవు.

మాటల్లేవంటే నేరుగా లేవని. దేవుడి ద్వారా మాత్రం దండిగా సాగాయి. దీవెనమ్మ గోడవైపు తిరిగి మోకరించి గొంతెత్తేది. "ప్రభువా! గోడకు అవతలనున్న నీ దాసురాలి నోటికి తాళము వేయుము!" గుక్క తిప్పుకునే లోపే అవతలి నుంచి జవాబు. "ప్రభువా! గోడకు అవతలనున్న నీ దాసురాలికి నాకంటే ముందు బుద్ధి దయచేయుము!" ఉత్తరాల మీద చిరునామా ఆయనది, లోపలి మాటలు మాత్రం ఒకళ్ళకొకళ్ళు రాసుకున్నవి. ఆరు నెలలు ఆయన్ని అటూ ఇటూ తిప్పారు పాపం.

ఒక సోమవారం గోడ అవతలి నుంచి జవాబు రాలేదు. మంగళవారమూ లేదు. దీవెనమ్మ గొంతు ఇంకా పెంచింది. బుధవారం ఇశ్రాయేలు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రాహేలుకి గొంతు పోయిందే. మాట రాట్లా. లోపల గడ్డంట. గుంటూర్లో ముక్క తీసి పరీక్షకి పంపారంట. చెడ్డదో మంచిదో తెలియటానికి వారం పట్టుద్దంట."

దీవెనమ్మ చేతిలో చేట జారిపడింది. బియ్యం నేలంతా చిందాయి.

"తాళం పడింది" అంది.

ఇశ్రాయేలుకు అర్థం కాలేదు. నాకు అయింది. ఆమె లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. అంతకు ముందెప్పుడూ పెట్టలేదు, పెడితే గోడ అవతలికి సరిగా వినబడదని. నా మీద మోకరించి "ఓ మహోన్నతుడవైన..." అని ఎత్తుకుని ఆగిపోయింది. అడగడానికి గ్రాంథికంలో బోలెడు మాటలున్నాయి. అడిగింది వెనక్కి తీసుకోవడానికి ఒక్కటీ దొరకలేదు.

చివరికి ఇంట్లో మాట్లాడే మాటల్లోకే దిగింది. "అయ్యా, ఆ తాళం తియ్యి. కోపంలో అన్నా. నువ్వు నిజంగా ఏస్తావనుకోలా. అది నిజం చెప్పింది, అందరి ముందూ చెప్పిందని నాకు మండింది, అంతే. అది తిట్టకపోతే ఈ ఇంట్లో నాకు పొద్దుపోదయ్యా. నాకు భయంగా ఉంది."

నా మీద తడి పడింది. ఒట్టు, నాలో అప్పటికి మిరప రజను రవ్వంత కూడా లేదు. ఇన్నాళ్ళూ ఆమె కన్నీళ్ళు నా గొప్పే అనుకుని మురిసిన నాకు సిగ్గేసింది.

లేచి, నన్ను చంకన పెట్టుకుని, గోడ చుట్టూ తిరిగి రాహేలు ఇంటికి పోయింది. "నీ నోటికి తాళమెయ్యమన్నది నేనేనే. కొట్టు నన్ను" అని ముందు కూర్చుంది. రాహేలు నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. దేవుడికి నీ మాట వినడం తప్ప వేరే పనిలేదా అన్నట్టు నుదుటి మీద వేలితో కొట్టుకుని చూపించింది. భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వుతూనే దీవెనమ్మ చెయ్యి లాగి తన గొంతు మీద పెట్టుకుని ఏడ్చింది. అంతసేపూ ఆ పిల్ల ఎంత బెదిరిపోయి ఉందో అప్పుడు తెలిసింది.

"ప్రార్థన నువ్వు చెయ్యవే. నా నోటిని నేను నమ్మలేను. నేను వింటా" అంది దీవెనమ్మ. ఆ వారమంతా మధ్యాహ్నం పూట ఇద్దరూ నా మీద మోకరించారు. ఇరుకే, సర్దుకున్నారు. రాహేలు పెదాలు కదిపేది. దీవెనమ్మ నోరు మూసుకుని ఆ పెదాలనే చూసేది. రాజుల ఊసు లేదు, ద్వీపాల ఊసు లేదు.

గడ్డ చెడ్డది కాదని తేలింది. కోసి తీసేశారు. నెలకు గొంతు వచ్చింది గానీ బొంగురుగా, సగమే వచ్చింది. రాహేలు ఆ సగంతోనే మొదటిరోజు అంది, "తాళం ఆయన తీశాడో డాక్టరమ్మ తీసిందో గానీ, నా మీద మళ్ళీ అట్టాంటి ప్రార్థనలు చెయ్యబాకక్కా!"

ఇప్పుడు నాకు మోకాళ్ళ చోట రెండు చిల్లులు పడ్డాయి. రేపో మాపో నన్ను పొయ్యిలో పెడతారు, బాధ లేదు. మొన్న మధ్యాహ్నం దీవెనమ్మ గడియ తీసి బయటికొస్తుంటే ఇశ్రాయేలు అనుమానంగా చూశాడు.

"ఏందే, రెణ్ణెల్లయింది, నీ గొంతే వినబడట్లా. ప్రార్థన మానుకున్నావా?"

దీవెనమ్మ నన్ను దులిపి దండెం మీద వేసింది.

"మానుకోలేదయ్యా. ఇప్పుడే మొదలుపెట్టా."