కింది గీత ముందా, పై గీత ముందా

పొద్దున్న కాఫీ తాగి బైండింగు ఆవిడ ముందుగదిలో కూర్చుంటుంది. చివికిన పుస్తకాల వెన్ను విప్పి, పాత దారం తీసేసి, కాగితాల కట్టలు సర్ది మళ్ళీ కుట్టి, జిగురు పూసి ప్రెస్సులో బిగించడం ఆవిడ పని. ఊళ్ళో లైబ్రరీల పుస్తకాలన్నీ ఆ గదికే వస్తాయి. వీధివైపు వెడల్పాటి తలుపూ, మంచి వెలుతురూ ఉన్న గది. దాని మీద ఆవిడ మరిది కన్ను పడింది. అతనిది టైర్ల వ్యాపారం, సరుకు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదు. ఆదివారం వచ్చి అన్నయ్యతో మాట్లాడతానని కబురు చేశాడు.

మాట్లాడతాననడమంటే అయిపోయినట్టే. ఆవిడ భర్త బస్సు డిపోలో పనిచేసి రిటైరైన మనిషి, మొహమాటానికి పుట్టినిల్లు. తమ్ముడు అడిగితే లేదనడం ఆయన వల్ల కాదు. పెళ్ళైననాటి నుంచీ ఏ విషయమైనా ఆయన ముందు "సరే" అంటాడు, ఊపిరి పీల్చుకునేంత ఎడంతో ఆవిడా "సరే" అంటుంది. ఆ ఎడంలో ఆవిడ మింగేసిన మాటలు చాలానే ఉన్నాయి. ప్రెస్సు వెనక వరండాలోకి జరుపుకోవచ్చు కదా అంటారు చూసేవాళ్ళు. వరండాలో జల్లు కొడుతుంది. జిగురు ఆరదు, కాగితం ఉబ్బుతుంది. గది పోతే పని పోయినట్టే, అది తలుచుకుంటే ఆవిడకు అన్నం సయించడం లేదు.

ఆ రోజుల్లోనే వాళ్ళ పెళ్ళిరోజు విందు వీడియోను పాత క్యాసెట్టు నుంచి డిస్కులోకి ఎక్కించమని వీధి చివర డిస్కులాయనకు ఇచ్చారు. అతను మంచివాడే, కాకపోతే తొందర మనిషి. ఏ ఇంట్లోనైనా చివరిసారి అతని డిస్కు ఏది ఆడితే, మళ్ళీ మార్చేదాకా ఆ ఇల్లు ఆ డిస్కులాగే ఉంటుంది. ఒకసారి రంగులు తప్పిన డిస్కు పెట్టుకుని పక్కవీధి పంతులమ్మ ఇంటిల్లిపాదీ ఆకుపచ్చగా తిరిగారు. డిస్కు మార్పించుకోండని చెప్పారే తప్ప ఎవరూ వింతపడలేదు.

వీళ్ళ డిస్కు వణికింది. మనుషులు కదలకుండా నిలబడితే బాగానే ఉండేది, కదిలితే అంచులు దువ్వెన పళ్ళలా చీలి అదిరేవి. ఇంట్లోనూ అంతే. ఆయన గబగబా మెట్లు దిగితే నాలుగు మోకాళ్ళు కనబడేవి. ఆవిడ సూది వేగంగా లాగితే వేళ్ళు ఎన్నో తెలిసేది కాదు. మెల్లగా కుడితే వణుకు లేదు, కాబట్టి మెల్లగా కుట్టింది. ఇంకో సంగతి, ఆ వారమంతా ఆవిడ మాటే ముందు వచ్చేది. పాలవాడు రేపెన్ని లీటర్లని అడిగితే ఆయన నోరు తెరిచేలోగా ఆవిడ చెప్పేసేది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అని పాలవాడు నవ్వుకుంటూ వెళ్ళాడు.

"కళ్ళు లాగేస్తున్నాయి, దాన్ని బాగు చేయించు," అన్నాడాయన.

డిస్కులాయన మొదట టీవీ తీగను అనుమానించాడు. తర్వాత ప్లేయరును అనుమానించాడు. ఆ తర్వాత వణుకు తగ్గించే మీటేదో నొక్కి ఇంకో డిస్కు ఇచ్చాడు. వణుకు తగ్గింది కానీ బొమ్మ మసకబారింది. ఇంట్లో ఇద్దరూ మసకబారి, ఎవరు ఎక్కడిదాకా ఉన్నారో తెలియక గుమ్మాల్లో ఢీకొట్టుకున్నారు. మరో డిస్కులో బొమ్మను అల్లే అడ్డగీతల్లో సగం తీసి పారేశాడు. బొమ్మ నిలిచింది, ఇంట్లో మాత్రం అన్నీ సగమే జరిగాయి. బకెట్టు సగం నిండేది, పుస్తకం సగం కుట్టుతో ఆగేది. మర్నాడు ఆవిడ వెళ్ళి కొట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈసారి సరిగ్గా చూడు నాయనా. లేకపోతే నా క్యాసెట్టు నాకిచ్చెయ్యి."

అతను క్యాసెట్టును ఆపి ఆపి, ఒక్కో బొమ్మా చూశాడు. తల గోక్కున్నాడు.

"తప్పు నాదేనమ్మా. ఒక్కో బొమ్మలో రెండు సగాలుంటాయి. గీత విడిచి గీత ఒక సగం, మిగిలిన గీతలు ఇంకో సగం. కెమెరా ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంది. తీసిన వరసలోనే చూపించాలి. మీ కెమెరా కింది గీతతో మొదలుపెట్టింది, నేను పై గీత ముందని పెట్టాను."

"ఎందుకలా పెట్టావు?"

"పైదే ముందుంటుంది కదా అని. చూసుకోలేదు, అలవాటు."

"అయితే వెనక రావలసింది ముందొస్తోందన్నమాట."

"అంతేనమ్మా. ముందుకో అడుగు, వెనక్కో అడుగు, అదే వణుకు. కూర్చోండి, ఇప్పుడే సరిచేసి ఇస్తాను. ఆ మొదటి డిస్కు విరిచి పారేయండి."

ఆవిడ కొత్త డిస్కు తీసుకుంది. మొదటిదాన్ని మాత్రం విరవలేదు.

ఆదివారం మరిది కొలత టేపుతో సహా వచ్చాడు. ఆయనకు తమ్ముణ్ణి చూస్తే హుషారు.

"కొత్త డిస్కు పెట్టవోయ్. విందులో వీడి డాన్సుంది, చూస్తాడు."

ఆవిడ సంచిలో రెండు డిస్కులూ ఉన్నాయి. కట్టుకున్నవాణ్ణి మోసం చేస్తున్నానా అనిపించింది. వణికే డిస్కు తీసి పెట్టింది.

తెరమీద మరిది డాన్సు చేస్తూ పీలికలుగా అదిరాడు.

"లేదండీ," అందావిడ, ఆయన ఇంకా అడగకముందే.

"ఇంకా బాగవలేదా?" అని అడిగాడాయన.

మరిది తెర వంక కాసేపు చూసి గొంతు సర్దుకున్నాడు.

"అన్నయ్యా, ముందుగది సంగతి. వదిన సామాను వరండాలోకి జరిపిస్తే నా టైర్లు దించుకుంటాను. ఏమంటావు?"

ఆయన "సరే" ఎప్పటిలాగే గొంతులోంచి బయల్దేరింది. ఆవిడ మాట దాన్ని దాటి ముందొచ్చి పడింది.

"కుదరదు. ఆ గది నా పనికి కావాలి."

"సరే," అన్నాడాయన.

మరిది అన్నయ్య మొహంలోకి చూశాడు. ఆయన తన మాట తానే విని, సర్దుకోబోయి ఆగాడు. సర్దుకోవాలంటే తమ్ముడి ఎదుట భార్య మాటను కాదనాలి. ఆయనకు మొహమాటం అడ్డొచ్చింది.

"ఇద్దరిదీ ఒకటే మాటైతే నేననేదేముంది వదినా. ఇంకెక్కడైనా చూసుకుంటాను," అని మరిది టేపు జేబులో వేసుకుని వెళ్ళాడు. అతని మొహంలో కోపం లేదు, కొంచెం తెల్లబోయాడంతే.

ఆవిడ సంచిలోంచి రెండో డిస్కు తీసి, జరిగింది దాచకుండా చెప్పేసి, దాన్ని ప్లేయర్లో పెట్టింది. వేగంగా కుట్టవలసిన పుస్తకాలు బోలెడు పేరుకుపోయాయి మరి. తెరమీద విందు తేటగా నడిచింది. వరస కుదిరింది, మళ్ళీ ఆయన ముందు, ఆవిడ వెనక.

"ఆ గదికి ఇంకో కిటికీ పెట్టిద్దామా? వెలుతురు చాలుతోందా నీకు?" అని అడిగాడాయన.

అడిగి ఆగాడు. తనే జవాబు చెప్పెయ్యకుండా ఆయన ఆగడం ఆవిడ అంతవరకూ చూడలేదు.

"ఆలోచించి చెప్తానండీ," అంది.