దుప్పట్ల చోట హంసలు

నాకు పదిహేడేళ్లప్పుడు హేజెల్‌కోంబ్ దొర సర్ ఎవరార్డ్ తన ఎస్టేటు బొమ్మ గీయించుకున్నాడు. లండన్ నుంచి వచ్చిన చిత్రకారుడు ఫాస్ గారికి మేడలో చోటు కుదరలేదు. నౌకర్ల బల్ల దగ్గర కూర్చోబెడితే ఆయనకు చిన్నతనం, దొరల బల్ల దగ్గరైతే వాళ్లకు చిన్నతనం. అందుకని మా ఇంట్లో దిగాడు.

మేడకు ఎదురుగా, వాగు ఒడ్డున పదకొండు ఇళ్లు మా వీధి. మా అమ్మ డోర్కస్ మేడ బట్టలు ఉతికేది. ఇద్దరం వాటిని పొదల మీద ఆరేసేవాళ్లం. ఎండ కాసిన రోజు వీధంతా సబ్బు వాసన. ఆ వాసన ఇప్పటికీ నా ముక్కును వదల్లేదు.

ఫాస్ గారు మా వీధి వెనక గొర్రెల మిట్ట మీద పీట వేసుకుని గీసేవాడు. మధ్యాహ్నం రొట్టె నేనే తీసుకెళ్లేదాన్ని. నాన్న జెత్రో గొర్రెలను వదిలేసి ఆయన వెనకే నిలబడేవాడు.

"మేడకి ఉన్నవి నాలుగు స్తంభాలే కదయ్యా, ఆరు గీశారేంటి?"

"మిగతా రెండూ దొరగారి మనసులో ఉన్నాయి, జెత్రో."

శనివారం దొర వచ్చాడు. గుర్రం దిగకుండానే బొమ్మ అందుకున్నాడు.

"ఈ తెల్లటివేంటి?"

"దుప్పట్లండి."

"ఎవరివి?"

"తమరివేనండి."

నాకు నవ్వాగలేదు. దొర నావైపు చూడనైనా లేదు.

"తీసెయ్. అక్కడ చెరువు పెట్టి హంసల్ని వెయ్యి."

"మరి ఈ ఇళ్లండీ?"

"చెరువులో ఇళ్లుంటాయా?"

ఆయన వెళ్లిపోయాక అడిగాను. "మరి మేమెక్కడుంటామండీ?"

"ఇది బొమ్మేనమ్మా," అన్నాడు ఫాస్ గారు.

"ఆ రెండు స్తంభాలూ బొమ్మే కదండీ. వాటికి అప్పుడే రాళ్లు దింపుతున్నారు."

మర్నాటి నుంచి ఆయన కొత్త కాగితం మీద చెరువు గీశాడు. ఊరు వదిలే రోజు మాత్రం పాత కాగితం చుట్టి నా చేతిలో పెట్టాడు. "దొరగారికి ఇది అక్కర్లేదు. నీ దగ్గరుంచుకో."

మరుసటి వసంతంలో మా వీధిని కూల్చేశారు. మేడ కిటికీలకు కనపడకుండా కొండ అవతల ఇటుక ఇళ్లు కట్టించారు. అబద్ధమెందుకు, అవి వానకు కారేవి కావు. కానీ వాగు చప్పుడు లేక అమ్మకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

ఆ ఇంట్లో మొదటి ఆదివారం కాగితాన్ని బల్ల మీద పరిచాను. వీధి వీధంతా వచ్చి పడింది. తలా ఒక వేలు పెట్టి తమ ఇల్లు వెతుక్కున్నారు.

"నా పొగగొట్టం వంకర కూడా వేశాడే, చచ్చినోడు!" అని పక్కింటి ముసలి కెజయా నవ్వుతూనే ముక్కు చీదింది. సాయంత్రానికి మా వీధి ఉన్న చోట కాగితం నల్లబడింది. మేడను ఎవరూ ముట్టుకోలేదు.

అందరూ వెళ్లాక నాన్న దీపం దగ్గరికి జరిపి చూశాడు.

"మన పెరటి తలుపు తీసి ఉందేంటే? బాతులొస్తాయని ఎప్పుడూ మూసే ఉంచేదానివిగా."

"ఆయన గీసినన్నాళ్లూ నేనే తీసి ఉంచాను," అంది అమ్మ. "మూసుంటే, ఇంట్లో ఎవరూ లేరనుకుంటారేమోనని."