ఓక్ చెట్టు బొమ్మ మీద ఎండ

మిన్నెసోటాలో మా లూథరన్ చర్చి పక్కన ఉన్న పెద్ద ఓక్ చెట్టుకు తెగులు తగిలితే కొన్నేళ్ల కిందట కొట్టేశారు. అది ఇంకా పచ్చగా ఉండగానే నా భార్య వెర్నా నీటిరంగులతో దాని బొమ్మ వేసింది. ఇప్పుడు ఆమె చేతులు వణుకుతున్నాయి. మరొకటి వేయడం ఆమె వల్ల కాదు.

బొమ్మను చర్చికి ఇచ్చాం. బాగా కనబడాలని ప్రేమకొద్దీ దాన్ని ఆరాధన జరిగే హాల్లోనే, దక్షిణపు కిటికీకి ఎదురుగోడ మీద తగిలించారు. ఒకప్పుడు ఆ కిటికీకి నీడ ఇచ్చింది ఆ చెట్టే. చెట్టు పోయాక ఎండ తిన్నగా వచ్చి దాని బొమ్మ మీదే పడుతోంది. నీటిరంగులు ఎండకు ఆగవు. ముందు ఆకుల పచ్చదనం పోయింది. ఇప్పుడు కాండం కూడా వెలిసిపోతోంది.

సంఘ పెద్ద హార్లన్‌కు చెప్పాను. కాదనలేదు. మా ఊళ్లో ఎవరూ ఎవరినీ కాదనరు. వచ్చే సమావేశంలో మాట్లాడదాం అన్నాడు. ఆ సమావేశమంతా పైకప్పు గురించే నడిచింది. పోనీ కిటికీకి తెర వేద్దామంటే, వెలుగు దేవుడిది కదా అని ఆయన భార్య ఆర్లీన్ మెల్లగా నవ్వింది. దేవుడిదే. మరి చెట్టు ఎవరిది?

ఆరాధన అయ్యాక కాఫీ కప్పులతో అందరూ బొమ్మ దగ్గర ఆగి మెచ్చుకుంటారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

"ఏం పొగమంచు వేసిందయ్యా మీ ఆవిడ," అన్నాడు హార్లన్ ఒకసారి. "చూసేకొద్దీ బాగుంటోంది."

"ఆవిడ పొగమంచు వేయలేదు హార్లన్. అది జూన్ నెల."

"జూన్‌లో కూడా ఒక్కోసారి పడుతుందిలే."

ఒక మంగళవారం నేనే బొమ్మ తీసి, కోట్లు తగిలించే చీకటి నడవాలో పెట్టాను. ఆదివారానికి అది మళ్లీ పాత చోటే ఉంది. ఎవరో పొరపాటున తీసేశారనీ, ఈసారి గట్టి మేకు కొట్టాననీ హార్లన్ సంతోషంగా చెప్పాడు. ఆ ఎవరో నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. నేనూ ఈ ఊరివాణ్నే.

"పోనీలే ఆర్విడ్, చెట్టే పోయింది," అంది వెర్నా. గోడ వైపు చూడకుండా అంది.

మొన్న ఆదివారం నేను బల్ల మీద కూర్చోలేదు. బొమ్మ ముందు, ఎండకు అడ్డంగా నిలబడ్డాను. నా నీడ చెట్టు మీద నిండుగా పడింది. పాటలు, ప్రార్థన అన్నీ నిలబడే విన్నాను. మోకాళ్లు లాగుతున్నాయి. ప్రభువా, ఈ ఒక్క గంటైనా కాపాడనివ్వు అనుకున్నాను. వెర్నా వెనక్కి తిరిగి నన్ను చూసింది. చాలాకాలానికి తన బొమ్మనూ చూసింది.

ప్రసంగం మధ్యలో హార్లన్ మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో మడత కుర్చీ. చప్పుడు కాకుండా విప్పి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"కూర్చో ఆర్విడ్. నీ అవస్థ చూడలేకపోతున్నాం."

అందరూ చూస్తున్నారు. కాదనలేక కూర్చున్నాను. ఎండ నా తల మీదుగా వెళ్లి చెట్టు మీద పడింది.