రాతి చెప్పు

దేవవ్వ ముందు కొడుకు అరికాళ్ళు కడిగింది. తర్వాత తండ్రి వీపు తుడిచింది. నిజామాబాద్ మిషన్ దవాఖాన వరండాలోకి ఆ పాలరాతి బొమ్మ వచ్చినప్పటి నుంచి, ఆరేళ్ళుగా, అక్కడ ఊడ్చి తుడిచే ఆమెది ఇదే వరస. చిరుగు బట్టలతో మోకాళ్ళ మీద కూలబడిన కొడుకు. వంగి వాణ్ణి రెండు చేతులా పొదువుకున్న ముసలి తండ్రి. ఇల్లు విడిచిపోయి, చెడి, తిరిగొచ్చిన కొడుకును తండ్రి క్షమించిన కథ బైబిల్లో ఉందని నర్సు సుమిత్రమ్మ చెప్పింది. దూరం నుంచి వచ్చినవాడికి మొదట కాళ్ళకు నీళ్ళివ్వాలి కదా అనుకుని దేవవ్వ రోజూ ఆ అరికాళ్ళతోనే మొదలుపెట్టేది.

తన కొడుకు ముత్తన్నకు మాత్రం ఆమె ఆ నీళ్ళివ్వలేదు. ఎనిమిదేళ్ళ కింద వాడు నిజాంసాగర్ కట్ట మీద రాళ్ళు మోస్తుండగా ఇక్కడ తండ్రి పోయాడు. కబురంది, రెండు రోజులు నడిచి వాడు వాకిట్లోకి వచ్చేసరికి చితి చల్లారిపోయింది. "బాపుకు కొరివి పెట్టనోనికి గీ ఇంట్ల ఏం పని?" అని తలుపు వేసింది. వాడు చాలాసేపు బయటే నిలబడ్డాడు. తర్వాత అడుగుల చప్పుడు. అది ఇప్పటికీ ఆమె చెవిని వదల్లేదు.

వాడు బోధన్ దగ్గర చెరకు కోతల్లో ఉన్నాడని తెలిసి, ఇంటికి రమ్మని కబురు పంపింది. కబురు మోసిన బండి వెంకటి గంజ్‌లో బెల్లం దింపి, నేరుగా వరండా దగ్గరికే వచ్చాడు.

"ఏందవ్వా, రాయికి తానం గాలేదా? రేపు బొట్టు గూడ పెడ్తవా ఏంది?"

"నవ్వులాట బంద్ చెయ్ వెంకటీ. ముత్తన్న ఏమన్నడు?"

వెంకటి రుమాలు విప్పి మొహం తుడుచుకున్నాడు. "'వస్త గని, అవ్వ మల్ల తలుపేస్తె? ఇంకోపారి నాతోని గాదు' అన్నడవ్వా. కోతలైపోయినయ్. రేపు పొద్దుగాల్ల గుంపుతోని నాందేడ్ దిక్కు పోతడట."

దేవవ్వ తడిగుడ్డతో రాతి తండ్రి కాళ్ళ దగ్గరికి జరిగింది. ఒక కాలికి చెప్పుంది. రెండోది వట్టి పాదం. దాని చెప్పు వెనక జానెడు దూరంలో బోర్లా పడి ఉంది. ఇన్నేళ్ళూ దాని సందుల్లో దుమ్ము తీసిందే గానీ, అదెందుకలా పడిందో అడగలేదు.

"సుమిత్రమ్మా, ముసలాయన చెప్పు గక్కడెందుకు పడ్డది?"

మందు సీసాలు సర్దుతున్న సుమిత్రమ్మ తలెత్తింది. "కొడుకును దూరంకెల్లి చూసి ఉరికిండు గద. వాడు ఇంటిదాంక వచ్చేవరకు ఆగలేదు."

"ముసలోడు ఉరికిండా?"

"ఉరికిండు."

దేవవ్వ స్తంభం పట్టుకుని లేచింది. "వెంకటీ, బండి బోధన్‌కు ఎప్పుడు మల్తది?"

"ఎడ్లకు నీళ్ళు పెట్టుడే ఆలస్యం."

"నన్నెక్కించుకో."

"గీ ఎండల, గంత దూరమా? తొవ్వల నీ పానం పోతె ఎవలు జిమ్మ?"

"పోతె పోనీ. వాని దిక్కే పోతది గద."

మళ్ళీ ఎప్పుడొస్తావని సుమిత్రమ్మ మెట్ల దాకా వచ్చి అడిగింది. దేవవ్వ అప్పటికే బండెక్కి కూర్చుంది. బండి మలుపు తిరిగింది.

వరండాలో, బోర్లాపడిన రాతి చెప్పు మీద ఆమె మరిచిపోయిన తడిగుడ్డ ఆరుతూ ఉంది.