దర్వాజ నుంచి మొదలైన ఇల్లు

పెళ్లయిన నెలకే మా ఆయన క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాను. శంషాబాద్ బస్టాండ్ దగ్గర చెప్పుల షాపు పైన శ్రావణ్ కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీసే ఆటోక్యాడ్ నేర్పుతారు. పక్క గదిలో నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెప్తాను. తల మీంచి విమానం పోయినప్పుడల్లా ఆయన మాట మధ్యలో ఆగి, అది పోయాక సరిగ్గా ఆ అక్షరం నుంచే అందుకుంటారు. ఆ ముచ్చట చూడటానికే వెళ్లాను.

పాల్మాకుల ఊరి నుంచి వచ్చే కళ్యాణి కమాండ్లన్నీ గడగడా అప్పజెప్పింది. ఎయిర్‌పోర్టు దారిలో ఒక కాంట్రాక్టర్ ఆఫీసుకు ఉద్యోగ పరీక్షకు పోయి, ఖాళీ తెర ముందు ఒక్క గీతా గీయలేక తిరిగొచ్చింది ఈ అమ్మాయే. ఈ శనివారం ఆఖరిసారిగా మళ్లీ రమ్మన్నారట.

"అన్ని వస్తయి, ఏది రాదు," అన్నారు శ్రావణ్, టిఫిన్ డబ్బా విప్పుతూ.

"నా దగ్గరికొచ్చెటోళ్లు గూడ గంతే. గ్రామర్ మొత్తం వస్తది, నోరు తెరువరు. ఫస్ట్ వాళ్లింటి గురించి చెప్పుమంట. తప్పులు తర్వాత చూస్త."

"గీతకు నోరేడుంటది?" అని నా డబ్బాలో వంకాయ ముక్క ఎత్తుకున్నారు. నాకు అదీ బాగానే ఉంది.

మధ్యాహ్నం కళ్యాణి పక్కన కూర్చున్నాను. "నన్ను మీ ఇంటికి తీస్కపో. ఏం చెప్తవో అదే గియ్యి."

"ఫస్ట్ దర్వాజ, అక్కా."

"గోడ లేంది దర్వాజ ఏడ పెడ్తవమ్మా?" అన్నారు శ్రావణ్.

"గోడ దూకి పోతమా సార్ ఇంట్లకు?"

క్లాసంతా నవ్వింది. నేను ఆయనకు ఊరుకోమని సైగ చేశాను. కళ్యాణి దర్వాజ గీసింది. లోపల నాయనమ్మ మంచం గీసింది. "మంచం ఆనుకునేటందుకు గోడ గావాలె గద," అని గోడ గీసింది. అలా ఇల్లంతా వచ్చింది. మూలల్లో బయటికి పొడుచుకొచ్చిన గీతలను శ్రావణ్ తర్వాత కత్తిరించడం చూపించారు. శుక్రవారం దాకా కుర్చీలోంచి లేవకుండానే పాల్మాకులలో ఇళ్లన్నీ తిరిగొచ్చాం.

శనివారం నేనూ తోడు వెళ్లాను. రెండు గదుల వాచ్‌మన్ క్వార్టర్ గీయమని కొలతల కాగితం ఇచ్చారు. కళ్యాణి చేతులు ఒళ్లోనే ఉన్నాయి. తర్వాత పెదవులు కదిలాయి. తెర మధ్యలో ఒక దర్వాజ వెలిసింది.

"గిదేందమ్మా, ఎవరన్న దర్వాజతోని మొదలువెడ్తరా?" అన్నాడు ఇంజనీరు.

కళ్యాణి అప్పటికే ఆ దర్వాజలోంచి లోపలికి వెళ్లిపోయింది.

గోడలు చుట్టూ తిరిగొచ్చి కలిశాక అతను కొలతలన్నీ సరిచూశాడు. "సోమవారం నుంచి రా. జర స్పీడ్ పెంచాలె."

అదే సోమవారం కొత్త బ్యాచ్ మొదలైంది. శ్రావణ్ కమాండ్ల జాబితా పక్కన పెట్టి, "మీ ఇంటి దర్వా..." అని ఆగారు. విమానం పోయింది.

"...జ ఏ దిక్కుంటది?"