మంచి నెత్తురు

ఆ రోజు మా అమ్మ మోచేతి మడతలో దూది పెట్టుకుని, కొత్తగా గెలిచిన సర్పంచిలా ఇంటికి వచ్చింది. దూది తీసేయమంటే తీయలేదు. ఇస్నాపూర్ సెంటర్లో షేర్ ఆటో దిగింది మొదలు మా గల్లీ దాకా ఎదురైన ప్రతివాళ్లకీ ఆ చెయ్యి చూపించుకుంటూ వచ్చిందని తర్వాత తెలిసింది. కిరాణా కొట్టు దగ్గర ఆగి మరీ చెప్పిందట. సంగారెడ్డి దారిలో ఉన్న పరిశోధన సంస్థ వాళ్లు ఇంతమంది ఆడవాళ్లు ఉండగా అరుణమ్మ నెత్తురే మంచిదని తీసుకున్నారట.

నిజానికి వాళ్లు అలా అనలేదు. జబ్బు ఉన్నవాళ్ల రక్తాన్ని జబ్బు లేనివాళ్ల రక్తంతో పోల్చి చూస్తారు, దానికి ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలి, అంతే. ఆ మాటే నేను చెబితే అమ్మ నా వైపు జాలిగా చూసింది. నేను మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. పొద్దస్తమానం చేతికి గ్లౌజులు వేసుకుని శాంపిళ్లు పరీక్షించడమే నా ఉద్యోగం. అయినా మా ఇంట్లో నా మాటకు కరివేపాకుకున్న విలువ కూడా లేదు.

జబ్బు ఉన్న మనిషి మా పెద్దమ్మ వెంకటలక్ష్మి. మా నాన్న, పెదనాన్న ఒకే ఫ్యాక్టరీలో షిఫ్టులు చేస్తారు. ఇస్మాయిల్‌ఖాన్‌పేట పక్కన ఉన్న కొద్దిపాటి పొలం కౌలుకిచ్చి, ఇక్కడ ఒకే ఇంట్లో ఉంటున్నాం. పెద్దమ్మకు పిల్లలు లేరు. నన్ను అమ్మా, పెద్దమ్మా కలిసి పెంచారు, ఇద్దరూ కలిసి తిట్టారు. ఆరేళ్ల కింద పెద్దమ్మకు బుగ్గల మీద ఎర్రగా దద్దు లేచింది, కీళ్లు పట్టేశాయి, కాళ్లు వాచాయి. ఎన్నో దవాఖానలు తిరిగాక లూపస్ అన్నారు. అప్పటి నుంచి ప్రతి చెకప్‌కూ తోడు వెళ్లేది అమ్మే.

ఆ చెకప్‌లకు వెళ్లే దవాఖానలోనే చంద్రకాంత్ పరిచయమయ్యాడు. బీదర్ వైపు మనిషి, సంగారెడ్డి దారిలోని ఆ సంస్థలో ఈ జబ్బు మీదే పరిశోధన చేస్తున్నాడు. పెద్దమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి పాపం చాలా కష్టపడ్డాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ ఉంటాడు కదా, దొంగల్ని ఆపడం అతని పని. అతనికి మతి తప్పి లోపల పనిచేసేవాళ్లనే కొడితే ఎలా ఉంటుందో ఈ జబ్బు అలాంటిది. ఒంట్లోని కాపలా కణాలు సొంత కీళ్లనూ కిడ్నీలనూ శత్రువులనుకుంటాయి. మామూలుగా అయితే వాటిని ఇక చాలు, ఆగమని అదుపు చేసే సూపర్‌వైజర్ కణాలు కొన్ని ఉంటాయి. ఈ జబ్బులో ఆ సూపర్‌వైజర్ల మాట ఎందుకు చెల్లడం లేదో కనిపెట్టాలన్నది అతని ఆశ. పెద్దమ్మ అంతా శ్రద్ధగా విని, అయితే ఆ సూపర్‌వైజర్‌ను మార్చేయరాదా అని అడిగింది. అదే ప్రయత్నంలో ఉన్నామని చంద్రకాంత్ నవ్వాడట.

ప్రతి పేషెంటుకూ జోడీగా దాదాపు అదే వయసున్న, అదే ప్రాంతంలో అదే తిండి తినే మనిషి కావాలన్నాడు. ఒక్కటే షరతు. ఆ మనిషికి పేషెంటుతో రక్తసంబంధం ఉండకూడదు. అమ్మ వెంటనే చెయ్యి చాపింది. వెంకటలక్ష్మికి మీరేమవుతారని అడిగితే తోడికోడలినని చెప్పింది. అతను రాసుకున్నాడు. నేను ఆ సమయంలో డ్యూటీలో ఉన్నాను. లేకపోతే ఈ కథే లేదు.

రెండు వారాల తర్వాత చంద్రకాంత్ నాకు ఫోన్ చేసి, అమ్మను మళ్లీ ఒకసారి తీసుకురమ్మన్నాడు, వీలైతే నన్నూ రమ్మన్నాడు. రెండోసారి శాంపిల్ అడిగారంటే మొదటి ఫలితంలో ఏదో తేడా వచ్చినట్టేనని నాకు తెలుసు, నేనూ అదే పని చేస్తాను కాబట్టి. అమ్మ మాత్రం మంచి చీర కట్టుకుంది. పోయినసారి తీసిన నెత్తురు సరిపోయి ఉండదనీ, మంచిది దొరికితే ఎవరైనా ఇంకాస్త అడుగుతారనీ ఆటోలో నాకు వివరించింది.

చంద్రకాంత్ ముఖం చూస్తేనే విషయం తెలిసిపోయింది. ముందు సీసాలు తారుమారయ్యాయనుకున్నాడట. మిగిలిన రక్తంతో మళ్లీ చేసినా అదే ఫలితం. అమ్మ కణాలు కూడా జబ్బు ఉన్నవాళ్ల కణాల్లాగే ప్రవర్తిస్తున్నాయి. సొంత ఒంటి మీద తిరగబడే యాంటీబాడీలు కూడా కనబడ్డాయి. ఆరోగ్యవంతుల్లోనూ అవి ఒక్కోసారి ఉంటాయనీ, కంగారు పడవద్దనీ అంటూనే కీళ్ల సంగతి, జుట్టు సంగతి, నీరసం సంగతి ఒక్కొక్కటే అడిగాడు.

"పొద్దుగాల వేళ్లు జెర పట్టేస్తయి సార్. గది అందరికి ఉండేదే గద," అంది అమ్మ.

ఎన్నాళ్లుగా అంటే ఏడాది కావస్తోందట. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క ఇంట్లో ఉంటూ ఒక్క మాట చెప్పలేదు. పెద్దమ్మ కాలికి ముల్లు గుచ్చుకుంటే అర్ధగంటలో దవాఖానకు తీసుకుపోయే మనిషి, తన వేళ్లు ముడుచుకోవడం లేదన్న సంగతి దాచింది. చంద్రకాంత్ మరోసారి, పేషెంటుతో మీకు రక్తసంబంధం లేదు కదా అని అడిగాడు. తోడికోడలినే అని అమ్మ మళ్లీ అదే పాట పాడింది.

"తోడికోడలివే. మరి ఒక్క తల్లి కడుపుల పుట్టిన సంగతి ఎవరు చెప్తరమ్మా?" అన్నాను.

చంద్రకాంత్ చేతిలో పెన్ను కింద పెట్టేశాడు. అమ్మ నాలుక కరుచుకుంది.

అమ్మ అబద్ధం చెప్పలేదు. ఆమె మాట్లాడింది మా నానమ్మ చట్టం ప్రకారం. పెద్దమ్మ ముందు కోడలుగా వచ్చి, ఇల్లు బాగుందని తన చెల్లెల్ని మరిదికిచ్చి పెళ్లి చేయించింది. అక్కాచెల్లెళ్లు ఒకటై ఇంటిని గుప్పిట్లో పెట్టుకుంటారని నానమ్మకు భయం. పెళ్లయిన తెల్లారే ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఈ ఇంట్లో మీరు తోడికోడళ్లే, అక్కాచెల్లెళ్ల ముచ్చట మీ తల్లిగారింట్లో పెట్టుకోండి అని తీర్పు చెప్పింది. ఎవరేమడిగినా అలాగే చెప్పాలి, ఒకరినొకరు వెనకేసుకురాకూడదు. నానమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె చట్టం మాత్రం వీళ్ల నాలుక మీద అలాగే ఉండిపోయింది. ఆధార్ కార్డుల్లో తండ్రి పేరు బదులు భర్త పేరే ఉండటంతో అక్కడా ఎవరికీ తెలిసే అవకాశం లేకపోయింది.

పెద్ద డాక్టరు చూసి, మరికొన్ని పరీక్షలు చేయించి, లూపసే అన్నారు. మొదట్లోనే దొరికింది, కిడ్నీలకు ఏమీ కాలేదు, రోజూ మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుందన్నారు. చంద్రకాంత్ తన లెక్కల్లోంచి ఒక జోడీని తీసేయాల్సి వచ్చింది. అయినా ఆ పొరపాటు జరగకపోతే ఈ జబ్బు ఎంత ముదిరాక బయటపడేదో అని అతనే అన్నాడు. నేను బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. అమ్మ నా పక్కన నిలబడి ఆటో కోసం చూసింది.

ఇంటి దారిలో అమ్మ ఒకే ఒక్క మాట మాట్లాడింది. "అక్కకు చెప్పినవంటే నా మీద ఒట్టే."

ఎందుకో నాకు అర్థమైంది. పెద్దమ్మకు దద్దు లేచిన కొత్తలో గల్లీలో వాళ్లు అదేదో అంటురోగమనుకుని ఆమడ దూరంలో నిలబడేవారు. పెద్దమ్మ ఎవరూ చెప్పకుండానే తన కంచం, తన గ్లాసు వేరే పెట్టుకుని వంటింటి మూల కూర్చుని తినడం మొదలుపెట్టింది. రెండు రోజులు చూసి మూడో రోజు అమ్మ ఆ కంచం ముందే వచ్చి కూర్చుంది. అడగకుండా అందులో చెయ్యి పెట్టి ముద్ద కలిపింది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఇద్దరూ ఒకే కంచంలో తింటున్నారు. ఇప్పుడు అమ్మకు కూడా అదే జబ్బని తెలిస్తే పెద్దమ్మ ఏమనుకుంటుంది? కంచంలోంచే పోయిందనుకుంటుంది. తానే అంటించాననుకుంటుంది. మళ్లీ ఆ మూలకే పోతుంది, ఈసారి ఎవరు పిలిచినా రాదు. అమ్మకు జబ్బు గురించి బెంగ లేదు. అక్క మళ్లీ ఒంటరిగా కూర్చుంటుందన్నదే ఆమె బెంగంతా.

అలా రోజులు గడిచాయి. అమ్మ మాత్రల్ని పప్పుల డబ్బాలో దాచి, పెద్దమ్మ స్నానానికి వెళ్లినప్పుడు మింగేది. నేను రోజూ పోట్లాడేదాన్ని. ఇది కంచంలోంచి రాదు, గాలిలోంచి రాదు, ఒక తల్లి బిడ్డలు కాబట్టి ఇద్దరి ఒంట్లోనూ ఆ గుణం ఉండి ఉంటుంది, అంతే అని చంద్రకాంత్ చెప్పిందంతా అప్పజెప్పేదాన్ని. అక్కకు ఇవన్నీ ఎక్కవని అమ్మ కొట్టిపారేసేది. కోపంతో నేను రెండు పూటలు మాట్లాడటం మానేశాను. ఎవరూ పట్టించుకోలేదు.

ఆదివారం నాకు సెలవు. మధ్యాహ్నం అమ్మ అన్నం వార్చి, చిక్కుడుకాయ కూర దించి, ఎప్పటిలా ఒక కంచం తెచ్చి నేల మీద పెట్టింది. పెద్దమ్మ దాన్ని చూసి, లేచి వెళ్లి ఇంకో కంచం తెచ్చింది. కాస్త ఎడంగా పెట్టింది.

అమ్మ ముఖం పాలిపోయింది. నేను ఒట్టూ గిట్టూ మరిచిపోయి, ఇది అంటేది కాదు పెద్దమ్మా అంటూ మొదలుపెట్టాను.

"నువ్వు ఊకో," అంది పెద్దమ్మ. తర్వాత అమ్మ వైపు తిరిగింది. "ఆరేండ్లసంది మింగుతున్న గోలీ, డబ్బాల కనబడితే నాకెరుక కాదా? పొద్దుగాల వేడినీళ్లల్ల వేళ్లు పెట్టుకుంటున్నవు. గట్ల నేను పెట్టుకోలే?"

నేనే అంటించానేమో అని ఒక రాత్రంతా ఏడ్చానని పెద్దమ్మ చెప్పింది. తెల్లారి చంద్రకాంత్‌కు ఫోన్ చేసి, ఎవరి సంగతని చెప్పకుండా, ఒక్క కంచంలో తింటే ఇది వస్తుందా అని నాలుగు తీర్ల అడిగిందట. నాలుగుసార్లూ రాదనే చెప్పాడట. అయితే ఇంకో కంచం ఎందుకని నేను అడిగాను.

పెద్దమ్మ గరిటెతో అన్నం తీసి అమ్మ కంచంలో గుట్టగా పెట్టింది. కూర గిన్నె తెచ్చి సగానికి పైగా అందులోనే ఒంపింది.

"ఒక్క కంచంల కూసుంటే ఇది కూరంత నా దిక్కు నూకి, ఉత్త బువ్వ తింటది. నాకు తెల్వదనుకుంటది. రోగం నాకున్నదని ఇన్నొద్దులు ఊకున్న. ఇగ నడువది. గోలీలు ఏసుకునేటోళ్లు కడుపునిండ తినాలె. నా చెల్లె కంచం నేనే పెడత, నేనే సూస్త."

ఇంత తినలేనని అమ్మ అంది. పెద్దమ్మ ఆ మాట విననట్టే ఎదురుగా మోకాలు పట్టుకుని, నొప్పికి మూలుగుతూ కూర్చుంది. తన కంచంలో ఇంకా ఏమీ పెట్టుకోలేదు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ ఒక్కో ముద్దే తింది. కంచం ఖాళీ అయ్యేదాకా పెద్దమ్మ అక్కడి నుంచి లేవలేదు.